శిక్ష పడ్డాక కూడా బయటే ఉండవచ్చా? అప్పీలు తేలేదాకా శిక్ష నిలుపుదలపై చర్చ

కృష్ణాతీరం

ఓబుళాపురం అక్రమ గనుల కేసులో 2025 మే 6న హైదరాబాదు సీబీఐ కోర్టు గాలి జనార్దన రెడ్డికి, మరికొందరికి ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. 2009లో నమోదైన కేసులో తీర్పు రావడానికి పదిహేనేళ్లు పట్టింది. జూన్ 11న తెలంగాణ హైకోర్టు ఆ శిక్ష అమలును నిలిపివేసి బెయిలు ఇచ్చింది. అంతకుముందు సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం కేసులోనూ ఇదే వరుస. 2015 ఏప్రిల్ 9న రామలింగరాజు తదితరులకు ఏడేళ్లు వేస్తే, మే 11న హైదరాబాదులోని సెషన్స్ కోర్టు శిక్షను నిలిపింది.

విచారణ జరుగుతున్నంత కాలం ముద్దాయిని నిర్దోషిగానే చూడాలంటే ఒప్పుకుంటాను. సాక్షులందరినీ విని, కట్టలకొద్దీ పత్రాలు చూసి, నేరం రుజువైందని న్యాయమూర్తి సంతకం చేశాక కూడా అలాగే చూడాలా? అప్పీలు వేయగానే శిక్ష ఆగిపోయేటట్లయితే ఆ పదిహేనేళ్ల విచారణ ఎందుకు జరిపినట్లు?

నల్లకోటు

కృష్ణాతీరం గారూ, అప్పీలు వేయగానే శిక్ష ఆగదు. నేను జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చేస్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 389వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 430వ సెక్షన్. అప్పీలు వినే కోర్టు కారణాలు రాతపూర్వకంగా చెప్పి శిక్ష అమలును నిలపవచ్చు. మరణశిక్ష, యావజ్జీవం, లేదా పదేళ్లకు తగ్గని జైలు పడే నేరమైతే, విడుదలకు ముందు పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు అభ్యంతరం రాసివ్వడానికి అవకాశం ఇచ్చి తీరాలి. మూడేళ్లకు మించని శిక్షలకు మాత్రం పద్ధతి వేరు. అప్పటిదాకా బెయిలు మీద ఉన్న మనిషిని, అప్పీలు వేసుకునేందుకు కావలసినన్ని రోజులు, శిక్ష వేసిన కోర్టే వదిలిపెడుతుంది.

ఈ సెక్షన్‌ను రోజూ వాడుకునేవాళ్లు పేపర్లలో కనబడరు. చెక్కు బౌన్సు కేసులో తీర్పు రోజు ఏ మేజిస్ట్రేటు కోర్టుకైనా వెళ్లి చూడండి. ముద్దాయి తలుపు పక్కన నిలబడి ఉంటాడు. ఆరు నెలలో, ఏడాదో శిక్ష చదవగానే కోర్టు కానిస్టేబులు వచ్చి అతని పక్కన నిలబడతాడు. వరండాలో మా గుమాస్తా ఇద్దరు జామీనుదారులతో సిద్ధంగా ఉంటాడు, వాళ్ల చేతుల్లో ఇంటి పన్ను రసీదులు, ఆధార్ కాగితాలు ఉంటాయి. సాయంత్రం లోపు జడ్జిగారు బాండ్ల మీద సంతకం చేయకపోతే అతను ఆ రాత్రి సబ్‌జైలుకు వెళ్లాలి. తరువాత ముప్పై రోజుల్లో సెషన్స్ కోర్టులో అప్పీలు వేయాలి. అక్కడ శిక్ష ఆగాలంటే జరిమానా లేదా పరిహారంలో కనీసం 20 శాతం జమ చేయమని ఆదేశించే అధికారం 2018 సవరణతో కోర్టుకు వచ్చింది.

ఇప్పుడు లెక్క చూడండి. శిక్ష ఏడాది. అప్పీలు తేలడానికి రెండేళ్లు. శిక్ష నిలపకపోతే అతను పూర్తిగా జైల్లో ఉండి బయటికి వచ్చిన ఏడాదికి నిర్దోషి అని తీర్పు వస్తుంది. చేతులు కాలాక ఆకులు ఇచ్చినట్లు. అందుకే 1999లో భగవాన్ రామా షిండే గోసాయి కేసులో సుప్రీంకోర్టు, కాలపరిమితి ఉన్న శిక్షల విషయంలో ఉదారంగా ఉండమంది. నిలపడం కుదరని అసాధారణ పరిస్థితి ఉంటే అప్పీలునైనా త్వరగా వినమంది.

ఇంకొకటి. బయట గడిపిన కాలం శిక్షలోకి రాదు. అప్పీలు ఓడితే మిగిలిన శిక్ష మొత్తం లోపలికి వెళ్లి అనుభవించవలసిందే. మీరు చెప్పిన రామలింగరాజు కూడా తీర్పుకు ముందే రెండున్నరేళ్లకు పైగా జైల్లో ఉన్నారు. ఏడేళ్ల శిక్షలో అది చిన్న భాగం కాదు.

మొగల్రాజపురం

ఈ చర్చలో మా జిల్లా కేసు ఒకటి గుర్తుచేయకుండా ఉండలేను. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, ఒక లేడీస్ హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. మరుసటి ఏడాది ఆగస్టులో ఒక పేద దళిత యువకుణ్ణి అరెస్టు చేశారు. నడవడానికే ఇబ్బంది పడే జబ్బుతో ఉన్న మనిషి. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని తేల్చింది, పోలీసుల దర్యాప్తును గట్టిగా తప్పుపట్టింది, లక్ష రూపాయలు చెల్లించమంది.

తీర్పుకీ తీర్పుకీ మధ్య ఆరున్నరేళ్లు. అరెస్టు నుంచి లెక్కిస్తే ఎనిమిదేళ్లకు పైగా జైలు. కృష్ణాతీరం గారు అడిగిన "న్యాయమూర్తి సంతకం" ఆ 2010 తీర్పు మీద కూడా ఉంది. కింది కోర్టు తీర్పునే చివరి మాటగా తీసుకునేవాళ్లు ఆ ఎనిమిదేళ్లను ఒక్కసారి మనసులో పెట్టుకుని మాట్లాడాలి. ఆ అమ్మాయి తల్లిదండ్రులకు కూడా ఆ తీర్పు వల్ల దక్కింది ఏమీ లేదు. అతను హంతకుడు కాడని వాళ్లు మొదటినుంచీ చెబుతూనే ఉన్నారు.

పల్నాటి ఆడపడుచు

నల్లకోటు గారు రాసింది అంతా చదివాను. చెక్కు కేసుల వరకు నాకు అభ్యంతరం లేదు. నాది హత్య కేసు.

పొలం గట్టు తగాదాలో మా అన్నయ్యను చంపారు. ఇద్దరికి యావజ్జీవం పడింది. ఆ రోజు మా అమ్మ కోర్టు మెట్ల మీదే కూలబడి ఏడ్చింది, ఇక నిద్రపడుతుందని. కొన్నేళ్లకు వాళ్లలో ఒకడు హైకోర్టు బెయిలు మీద ఊళ్లోకి వచ్చాడు. ఎవరూ మాకు ముందుగా చెప్పలేదు. పాల కేంద్రానికి వెళ్లిన మా వదినకు అతను ఎదురుపడ్డాడు. చేతిలో క్యానుతో అలాగే వెనక్కి వచ్చేసింది. తరువాత రెండు నెలలు పాలు పోయడానికి మా పెద్దమ్మ కొడుకు వెళ్లాడు. సాక్ష్యం చెప్పిన పక్కింటాయన మాతో మాట్లాడటం తగ్గించాడు. ఇప్పటికీ మా ఇంటికి రావాలంటే చీకటి పడ్డాకే వస్తాడు.

అతన్ని ఎప్పటికీ వదలవద్దని నేను అనడం లేదు. అప్పీలు ఏళ్ల తరబడి వినకపోతే అది అతని తప్పు కాదని నాకూ తెలుసు. విడుదల చేసే ముందు మమ్మల్ని ఒక్క మాట అడగరా? ఆ ఊళ్లోనే ఉండాలా, వేరే మండలంలో ఉండమని షరతు పెట్టలేరా? ఉన్నావ్ అత్యాచారం కేసు చూడండి. యావజ్జీవం పడిన మాజీ ఎమ్మెల్యే కుల్దీప్ సెంగార్ శిక్షను 2025 డిసెంబరు 23న ఢిల్లీ హైకోర్టు నిలిపితే, బాధితురాలు వీధిలోకి వచ్చి కూర్చోవలసి వచ్చింది. ఆరు రోజులకు సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. దేశమంతా చూస్తున్న కేసు కాబట్టి అంత వేగంగా కదిలింది. మా కేసును ఎవరు చూస్తున్నారు?

నీలగిరి

సందేహం. గంజాయి కేసుల్లో అసలు శిక్ష నిలపడానికి వీల్లేదని విన్నాను. నిజమా?

నల్లకోటు

నీలగిరి గారూ, మాదకద్రవ్యాల చట్టం 32ఎ సెక్షన్ అలాగే చెప్పేది. అప్పీలు కోర్టు అధికారాన్ని తీసేయడం చెల్లదని 2000లో దాదూ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఎక్కువ మోతాదు కేసుల్లో 37వ సెక్షన్ అడ్డు ఉంటుంది. నేరం చేయలేదని నమ్మడానికి, మళ్లీ చేయడని నమ్మడానికి కారణాలు కనబడాలి. ఆచరణలో చాలా కష్టం.

పల్నాటి చెల్లెమ్మకు విడిగా రాస్తాను, కొంచెం సమయం ఇవ్వండి.

పాత వార్డరు

జైళ్ల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మీరంతా బయటికి వచ్చినవాళ్ల గురించి మాట్లాడుతున్నారు, నేను రానివాళ్ల గురించి చెబుతాను.

2016లో బచ్చు రంగారావు కేసులో అప్పటి ఉమ్మడి హైకోర్టు ధర్మాసనం కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. యావజ్జీవం పడి, అప్పీలు పెండింగులో ఉండి, శిక్ష పడ్డాక ఐదేళ్లు జైల్లో గడిపినవాళ్లు బెయిలు అడగవచ్చు. ప్రవర్తన బాగుందని సూపరింటెండెంటు నివేదిక ఇవ్వాలి. దోపిడీ, డబ్బు కోసం హత్య, డబ్బు కోసం కిడ్నాపు, ప్రభుత్వోద్యోగుల హత్య, మాదకద్రవ్యాలు వంటి కేసులవాళ్లకు వర్తించదు. బయటికి వచ్చాక నెలకొకసారి పోలీసు స్టేషనులో హాజరు వేయించుకోవాలి, అప్పీలు విచారణకు కోర్టులో ఉండాలి.

ఆ ఉత్తర్వు సంగతి తెలిసిన రోజుల్లో బ్యారక్‌లో మనుషుల ముఖాలు నేను చూశాను. చదువు వచ్చిన ఖైదీ ఒకతను నోటుబుక్కు పెట్టుకుని కూర్చుంటే, మిగతావాళ్లు వరుసలో నిలబడి తమ శిక్ష తేదీ చెప్పి ఐదేళ్లు నిండేది ఎప్పుడో రాయించుకున్నారు. కొందరికి అప్పటికే ఏడెనిమిదేళ్లు నిండిపోయి ఉన్నాయి. వాళ్ల అప్పీలు నంబరు ఎంతో, వకీలు ఎవరో వాళ్లకే తెలియదు. లీగల్ ఎయిడ్ ద్వారా వేసిన అప్పీలు, తరువాత వకీలు ఒక్క ఉత్తరం రాసి ఉండడు.

బెయిలు ఉత్తర్వు వచ్చినా కదలనివాళ్లూ ఉన్నారు. ఇద్దరు జామీనుదారులు కావాలి. సొంత అన్నదమ్ములే రారు. భార్య పుట్టింటికి వెళ్లిపోయి ఉంటుంది. ఒక పెద్దాయన చేతిలో ఉత్తర్వు పెట్టుకుని నెలల తరబడి లోపలే ఉన్నాడు. ప్రతి ములాఖత్ రోజు తెల్ల చొక్కా ఉతుక్కుని, గేటు వైపు చూస్తూ కూర్చునేవాడు. ధనవంతుడికి నెలలో శిక్ష ఆగడం మీద కోపం రావడం సహజమే. ఆ కోపంతో సెక్షన్‌ను బిగిస్తే మొదట నలిగిపోయేది ఆ పెద్దాయనే.

కృష్ణాతీరం

పాత వార్డరు గారూ, మీరు రాసింది నన్ను కదిలించింది. అయినా నా అభ్యంతరం అలాగే ఉంది, ఇంకా గట్టిపడింది. సెక్షన్ అందరికీ ఒకటే అయితే, ఒకరి పిటిషన్ నెలలో బెంచి ముందుకు వచ్చి, ఇంకొకరి అప్పీలు నంబరు కూడా అతనికి తెలియకపోవడం ఎలా? సెక్షన్‌ను బిగించమని నేను అడగను. ఎవరి పిటిషన్ ఎన్ని రోజుల్లో విన్నారో హైకోర్టు ఏటా బయటపెట్టాలి.

రాజకీయ నాయకుల సంగతి కూడా ఉంది. వాళ్లు శిక్షతో పాటు దోష నిర్ధారణ మీద, అంటే నేరం చేశారన్న తీర్పు మీద కూడా స్టే తెచ్చుకుని పదవుల్లో కొనసాగుతారు. అది వేరే గౌరవమా?

మొగల్రాజపురం

అది అంత సులువుగా రాదండీ. 2013లో లిలీ థామస్ తీర్పు తరువాత రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడిన సభ్యుడి పదవి ఆ క్షణమే పోతుంది. రాహుల్ గాంధీకి 2023 మార్చి 23న సూరత్ కోర్టు రెండేళ్లు వేసి, అప్పీలు కోసం తనే నెల రోజులు శిక్షను నిలిపింది. అయినా సభ్యత్వం పోయింది. సెషన్స్ కోర్టు, గుజరాత్ హైకోర్టు రెండూ స్టే నిరాకరించాక ఆగస్టు 4న సుప్రీంకోర్టులో దొరికింది. పరువునష్టం కేసులో ఉన్నదే గరిష్ఠ శిక్ష రెండేళ్లు, అంత ఎందుకు వేశారో కింది కోర్టు కారణం చెప్పలేదన్నది అక్కడ ముఖ్యమైంది. జైలు తప్పడం ఒకటి, పదవి నిలవడం మరొకటి. రెండింటినీ కలిపి కోపగించుకుంటే సామాన్యుడి హక్కు మీదికి పోతుంది.

నల్లకోటు

చెల్లెమ్మా, మీకు చెప్పవలసింది ఇది.

యావజ్జీవ శిక్ష నిలపడానికి కొలమానం వేరు. 2023లో ఓంప్రకాశ్ సాహ్ని కేసులో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. తీర్పులో పైకే కనబడే లోపం ఉండాలి, అప్పీలు గెలిచే అవకాశం కనబడాలి, అక్కడే కూర్చుని సాక్ష్యాలను మళ్లీ తూకం వేయకూడదు. ఆలస్యం మీద వచ్చే బెయిళ్లకు మూలం 1977 నాటి కశ్మీరా సింగ్ తీర్పు. ఐదారేళ్లు లోపల ఉంచి, చివరికి నేరం చేయలేదని తేలితే ఆ కాలాన్ని ఎలా తిరిగి ఇస్తామని జస్టిస్ భగవతి అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, అందుకే నేను ఆ బెయిళ్ల పక్షమే. దళితుల ఊచకోత జరిగిన చుండూరు కేసులో 2007లో పడిన శిక్షల మీద హైకోర్టు తీర్పు 2014లో వచ్చింది. ఏడేళ్లు. రికార్డు కింది కోర్టు నుంచి రావాలి, కేసు కాగితాలన్నీ కలిపిన పేపర్ బుక్కు తయారు కావాలి, బెంచి కుదరాలి. బాధితులైనా, ఖైదీలైనా ఈ ఏళ్ల ముందు ఒకటే.

అయితే మీ మాట వినకుండా వదలడం చట్టం ఒప్పుకునే పని కాదు. 2022 ఏప్రిల్‌లో, రైతుల మీదికి వాహనం నడిపిన లఖీంపూర్ ఖేరీ కేసులో ముద్దాయి ఆశిష్ మిశ్రా బెయిలు రద్దు చేస్తూ, దర్యాప్తు మొదలు అప్పీలు దాకా ప్రతి దశలో బాధితులకు వినిపించుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింది కేసయితే 15ఎ సెక్షన్ ప్రకారం నోటీసు ఇచ్చి తీరాలి. మీది ఆ చట్టం కిందిదా?

పల్నాటి ఆడపడుచు

కాదండీ. మామూలు హత్య కేసు. అయితే నన్ను వినరా?

నల్లకోటు

వింటారు. మీరు అడగాలి. విడుదలైన మనిషి బెయిలు రద్దుకు దరఖాస్తు వేసే అధికారం పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు నేను మొదట చెప్పిన 430వ సెక్షన్‌లోనే ఉంది. ముందు కోర్టుల వెబ్‌సైటులో సెషన్స్ కేసు నంబరుతో అప్పీలు నంబరు, బెయిలు ఉత్తర్వు తీసుకోండి. షరతులు ఏమున్నాయో చదవండి. సాక్షి ఇంటి దగ్గర తిరిగిన రోజులు, మీ వదిన గారికి ఎదురుపడిన రోజు, తేదీలతో రాసి ఎస్పీ కార్యాలయానికి ఒక ప్రతి, హైకోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటర్ కార్యాలయానికి ఒక ప్రతి రిజిస్టర్ పోస్టులో పంపండి. రసీదులు దాచండి. బెదిరింపు అని రాయాలంటే అతను ఏమన్నాడో, ఏం చేశాడో ఉండాలి. ఊళ్లో కనబడ్డాడు అన్నది ఒక్కటే అయితే బెయిలు రద్దు కాదు. నివాసం మార్చాలని షరతు అడగడానికి మాత్రం అది చాలు. మీ ఊరు ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో విడిగా సందేశం పెట్టండి, అక్కడి లీగల్ ఎయిడ్ కార్యాలయంలో ఎవరిని కలవాలో చెబుతాను.

పాత వార్డరు

అమ్మా, అతను నెలనెలా స్టేషనులో హాజరు వేస్తున్నాడో లేదో కూడా అడగండి. చాలాచోట్ల ఆ రిజిస్టరు ఎవరూ తెరిచి చూడరు.

పల్నాటి ఆడపడుచు

రేపు మా వదినతో కూర్చుని తేదీలు రాస్తాను. పక్కింటాయన సంతకం పెడతాడో లేదో అడిగి చెబుతాను.