12 మందే ఉన్న ఆఫీసుకు వివక్ష నిరోధక చట్టం వర్తించదా?

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, 12 మంది పనిచేసే ఒక చిన్న ఆఫీసులో మా చెల్లెలు లెక్కలు చూసేది. తాను గర్భవతినని చెప్పిన వారానికే, పదిహేనుమంది లేని చోట ఆ చట్టం చెల్లదంటూ యజమాని ఆమెను ఉద్యోగం నుంచి తొలగించారు. ఇది నిజమేనా?

జవాబు 1: ఫెడరల్ చట్టం (అమెరికా అంతటికీ వర్తించేది) వరకు ఆయన మాటలో కొంత నిజం ఉంది. 1964 నాటి పౌరహక్కుల చట్టంలో, ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే ఏడవ అధ్యాయం, ఈ ఏడాది గానీ కిందటి ఏడాది గానీ కనీసం 20 వారాలపాటు 15 మంది ఉద్యోగులున్న సంస్థలకే వర్తిస్తుంది. అయితే జీతాల పట్టికలో ఉన్న పార్ట్‌టైమ్ వారు కూడా లెక్కలోకి వస్తారని 1997లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది కనుక, ఆ 12 మంది లెక్కను ముందు సరిచూడండి.

జవాబు 2: అసలు బలం రాష్ట్ర చట్టంలో ఉందండీ. న్యూజెర్సీ వివక్ష నిరోధక చట్టానికి ఉద్యోగుల సంఖ్యతో నిమిత్తం లేదు. గర్భం కారణంగా తొలగించడాన్ని అది స్పష్టంగా నిషేధిస్తుంది. రాష్ట్ర పౌరహక్కుల విభాగానికి 180 రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి, కోర్టుకు వెళ్లడానికైతే రెండేళ్ల గడువుంది. యజమాని మాటే చట్టమనుకుని మన ఆడపిల్లలు ఊరుకుండిపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

జవాబు 3: గర్భం సంగతి తెలియజేసిన మెసేజీని, తొలగింపు ఈమెయిల్‌ను తేదీలతో సహా భద్రపరచమనండి. ఆమె హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉంటే, కొత్త ఉద్యోగానికి గరిష్ఠంగా 60 రోజులే దొరుకుతాయి కాబట్టి, ఫిర్యాదు తేలేదాకా ఆగకుండా ఆ ప్రయత్నం మొదలుపెట్టమనండి.