అప్‌డేట్: వ్యోమగాములు ఎందుకు తేలుతారు?

అంతరిక్ష కేంద్రంలో మనుషులు ఎందుకు తేలుతారో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఎలా చెప్పాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. సాగదీసిన బట్ట మధ్యలో బరువు పెట్టి, కుంగిన ఆ బట్టపై గోళీలు దొర్లించి గురుత్వాకర్షణను చూపే పద్ధతి నాకు రుచించలేదు. అసలు ఆ బట్ట కుంగడానికే గురుత్వాకర్షణ కావాలి!

చిల్లు పెట్టిన సీసా మాత్రం అద్భుతంగా పనిచేసింది. బెంగళూరు మారతహళ్ళిలో మా మొదటి అంతస్తు బాల్కనీ నుంచి, కింద ఎవరూ లేరని చూసుకుని, మూత తీసిన నీళ్ళ సీసాను వదిలాను. చేతిలో ఉన్నంతసేపూ కారిన ధార, పడేటప్పుడు ఆగిపోయింది. ఫోనులో వీడియోను నెమ్మదిగా తిప్పి చూస్తే స్పష్టంగా తెలిసింది. సీసా, నీళ్ళు కలిసి పడుతున్నాయని పిల్లలే కనిపెట్టారు.

ఇక 400 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న కేంద్రం సంగతి తేలికైంది. అక్కడ గురుత్వాకర్షణ నేలమీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. సీసా, నీళ్ళలాగే కేంద్రం, లోపలి మనుషులు కలిసి నిరంతరం పడుతూనే ఉంటారు, అందుకే తేలుతున్నట్టు ఉంటుంది. గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగంతో పక్కకు దూసుకుపోవడంవల్ల కేంద్రం నేలను తాకదు.

"అయితే 2025లో ఆ కేంద్రానికి వెళ్ళిన మన వ్యోమగామి శుభాంశు శుక్లా గారు రెండు వారాలకు పైగా పడుతూనే ఉన్నారా?" అంది ఒక పాప. అవునన్నాను. "మరి చందమామ?" చందమామ కూడా అంతేనమ్మా అన్నాను. నమ్మినట్టు లేదు.