ఎంపీ హాజరు, ఓటు, ఆస్తుల లెక్క ఎక్కడ చూడాలి?

ప్రశ్న:
ఎంపీల పనితీరు లెక్కలు పెట్టే పీఆర్ఎస్ సైట్‌లో మా ఎంపీ పేరు ఎదుట హాజరు గడి ఖాళీగా ఉంది. సభకే వెళ్లలేదనా అర్థం? ఏ బిల్లుకు ఎటు ఓటేశారో, 2019కీ 2024కీ మధ్య ఆస్తులు ఎంత పెరిగాయో కూడా తెలియాలి.

జవాబు 1:
ఆయన మంత్రేమో ముందు చూడండి. మంత్రులు, స్పీకర్, ప్రతిపక్ష నేత హాజరు రిజిస్టర్‌లో సంతకం పెట్టక్కర్లేదు, అందుకే గడి ఖాళీ. మిగతావాళ్లకు సంతకం ఉంటేనే దినభత్యం. అది ఆ రోజు వచ్చారనడానికే రుజువు, సాయంత్రం దాకా కూర్చున్నారనడానికి కాదు. శాతంతో పాటు అడిగిన ప్రశ్నలు, మాట్లాడిన చర్చలు కూడా చూడండి.

జవాబు 2:
ఓటు సంగతి కష్టం. చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే (అవును, కాదు అని నోటితో చెప్పడం) పాసవుతాయి, అందులో ఎవరి పేరూ నమోదు కాదు. సభ్యులు పట్టుబట్టి డివిజన్ (మీట నొక్కి వేసే, లెక్కపెట్టే ఓటు) అడిగితేనే పేర్లు వస్తాయి. రాజ్యాంగ సవరణకు మాత్రం డివిజన్ తప్పదు. 2023 సెప్టెంబరులో మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 అనుకూలం, 2 వ్యతిరేకం అలా తేలినవే. సభలో చదివే అంకె 'సవరణలకు లోబడి' అన్నదే. మీట తప్పు నొక్కినవాళ్లు, మీట పనిచేయనివాళ్లు చీటీలతో సరిదిద్దుకుంటారు. కాబట్టి టీవీ స్క్రీన్‌షాట్ నమ్మకండి, పార్లమెంటు వారి సంసద్ సైట్‌లో ఆ తేదీ చర్చల పాఠం తెరిచి పేరు వెతకండి. ఇంకోటి, విప్ (ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం) ఉన్నప్పుడు ఎదురు ఓటేస్తే రాజ్యాంగం పదో షెడ్యూల్‌లోని ఫిరాయింపుల నిరోధక చట్టం కింద పదవికే ఎసరు. ఆ ఓటును సొంత అభిప్రాయంగా లెక్కేయలేం.

జవాబు 3:
ఆస్తులకు ఎన్నికల సంఘం సైట్‌లో ఫారం 26 (నామినేషన్‌తో అభ్యర్థి ఇచ్చే ప్రమాణపత్రం) అఫిడవిట్ స్కాన్ దించుకోండి. ఈ అఫిడవిట్ల అంకెలు పెట్టే మైనేతా సైట్‌లో మొత్తాలు చక్కగా ఉంటాయి గానీ అసలు కాగితం చూడనిదే తేల్చకండి. 4వ అంశంలో ఐటీ రిటర్నుల ఆదాయం, 7లో ఆస్తులు, 8లో అప్పులు. చాలామంది బోల్తాపడేది 7లోని స్థిరాస్తుల దగ్గరే. కొన్న ధర, తేదీ ఒకచోట, ఇప్పటి మార్కెట్ విలువ అంచనా ఇంకోచోట ఉంటాయి. పదేళ్ల కిందటి స్థలం ధర పెరిగితే మొత్తం రెట్టింపు కావచ్చు, కొత్తగా ఏమీ కొనకపోయినా. అందుకని సర్వే నంబర్ల వారీగా రెండు అఫిడవిట్లూ పక్కపక్కన పెట్టి, కొత్తగా చేరినవే గుర్తించి, వాటి ఖరీదును ఐదేళ్ల ఆదాయంతో, అప్పులతో పోల్చండి. తమపై ఆధారపడని పిల్లల ఆస్తి ఇందులో రాయక్కర్లేదు. అసలు లోటు అదే.

ప్రశ్న వేసినవారు:
మరి ఎమ్మెల్యే హాజరు?

జవాబు 1:
శాసనసభ కార్యదర్శి ఆఫీసులోని పౌర సమాచార అధికారికి ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పెట్టండి. 'ఎందుకు రాలేదు' అని అడగొద్దు, రికార్డులో లేని కారణం వాళ్లు ఇవ్వలేరు. ఫలానా సమావేశాల్లో తేదీలవారీ హాజరు రిజిస్టర్ నకలు కావాలని రాయండి. గడువు 30 రోజులు, అది దాటితే మొదటి అప్పీల్. అరవై రోజులు రాకపోతే సీటు పోతుందంటారు గానీ, సభ వరసగా నాలుగు రోజులకు మించి వాయిదాపడిన కాలం ఆ లెక్కలోకి రాదు. అనుమతి తీసుకున్న గైర్హాజరు కూడా అంతే.