విభు పేరు కుచ్చనా, గుచ్చనా?

తిరుపతి, భవానీనగర్: ఒక నాటికకు పాట కావాల. మరదలికి చిన్ననాటి నుంచీ బావ మీద మనసు, పెద్దోళ్లు ఇంకో సంబంధం ఖాయం చేస్తారు. తలంబ్రాల ఘట్టంలో తెర వెనక అన్నమయ్య పాట ‘పిడికిట తలంబ్రాల పెండ్లికూతురు’ పాడిస్తాము. మొదటి చరణం చివర ‘విభు పేరు... సిగ్గువడీ’ మధ్యలో ఉండేది కుచ్చనా, గుచ్చనా? మొగుడి పేరు చెప్పడానికి సిగ్గు అనే అర్థమైతే నటి అక్కడ తల ఎత్తకూడదు. దండ గుచ్చే సంగతైతే చేతికి పని ఇవ్వాల.

చిత్తూరు, గిరింపేట: కుచ్చ. అచ్చులో అట్లే ఉండాది. గడప దగ్గర ఆడపడుచులు అడ్డం నిలబడి పేర్లు చెప్పించే ముచ్చటే అది. ఇందులో చర్చ ఏముండాది?

మదనపల్లె: అచ్చులో ఉంటే అర్థం తేలినట్టా సార్? ‘కుచ్చు’కు ‘చెప్పు’ అనే అర్థం ఎక్కడిది? చరణం మొత్తం చూడండి. ‘పేరుగల జవరాలె’ అంటే ప్రసిద్ధి. ‘పేరుల ముత్యాలమెడ’ అంటే సరాలు. ‘పేరంటాండ్ల నడిమి’ దగ్గర మాటే వేరు. మూడుసార్లు తిప్పినవాడు నాలుగోసారి ఉత్త ‘నామం’ దగ్గర ఆగుతాడా? విభుడికి వేసే పేరు, అంటే దండ గుచ్చడానికి సిగ్గు. అది గుచ్చే.

శ్రీకాళహస్తి: గుచ్చ అనేదానికి ఇంకో ఆధారం నేనిస్తాను. వ్యాకరణ సూత్రం ఉంది కదా, ‘ప్రథమమీఁది పరుషములకు గసడదవలు బహుళముగా నగు.’ అంటే ప్రథమావిభక్తి మాట తరువాత వచ్చే క, చ, ట, త, ప లు గ, స, డ, ద, వ లుగా మారుతుంటాయి. ఇదే పాటలో సిగ్గు+పడీ సిగ్గువడీ అయింది, పెండెము+పెట్టె పెండెము వెట్టె అయింది. ఆఖరి చరణంలో చీరలు+కట్టి చీరలు గట్టి అయింది. ఇన్నిచోట్ల మారినప్పుడు ‘పేరు’ తరువాత ఒక్క క మాత్రం ఎందుకు మొండికేస్తుంది?

గిరింపేట: ‘బహుళముగా’ అన్న మాట మీరే రాసి మీరే దాటేసినారు. అయితే కావచ్చు, కాకపోనూవచ్చు.

మదనపల్లె: అసలు ధాతువే గ్రుచ్చు అయితే గసడదవలతో పనే లేదు, మొదటి నుంచీ గకారమే. ఇద్దరూ అక్కర్లేని సూత్రం పట్టుకుని లాగుతున్నారు.

పుత్తూరు: నా అనుమానం వేరు. అది ‘పేరుకొన’. పేర్కొను అంటే పేరెత్తి చెప్పడం. ఈ పదాలను రాగిరేకుల మీద చెక్కినవాడి చేతిలో జారి ‘పేరుకుచ్చ’ అయి ఉంటుంది.

శ్రీకాళహస్తి: ‘కొన’ ‘కుచ్చ’ కావాలంటే కొమ్ము మారాల, నకారం పోయి చకారానికి ఒత్తు రావాల. చెక్కేవాడు ఒకచోట తప్పుతాడు, ఒకే మాటలో ఇన్నిచోట్ల తప్పడు. అర్థం కుదరలేదని పాఠం దిద్దుకుంటూ పోతే వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితులు పాఠం చదవడానికి రేకుల ముందు కూర్చున్న శ్రమకు విలువేముంది?

తిరుచానూరు: ప్రాస ఎవరూ చూడలేదే! ప్రతి పాదంలో రెండో అక్షరం కలవాల కదా. పే-ర, పే-ర, పే-ర. నాలుగో పాదం కూడా ‘పేరు’తోనే ఎత్తుకోవాల. ‘విభు’ పై పాదం తోకకు అంటుకుని ఉంది, పల్లవిలో ‘కొంత’ ఉన్నట్టు. పాడేవాళ్లు ‘విభుపేరు’ అని కలిపేస్తే ఎత్తుగడ చెడుతుంది. ‘విభు’ దగ్గర విరిచి, ‘పేరు’ తాళం మీద పడనివ్వండి. కుచ్చ, గుచ్చ ఏదైనా నిలబడుతుంది.

పుత్తూరు: ప్రాస మీద అంత పట్టు అన్నమయ్య ఇంట్లో అందరికీ లేదులెండి. ఆయన భార్య తిమ్మక్క రాసిన సుభద్రాకల్యాణం ద్విపదలో ప్రాస ఎక్కడుంది?

తిరుచానూరు: అది మంజరీ ద్విపద. ప్రాస లేకపోవడమే దాని లక్షణం.

మదనపల్లె: తిమ్మక్క పేరు వచ్చింది కాబట్టి, నాటిక రాసేవారు ఆ కథ చూడాల్సింది. సుభద్రకు అర్జునుడు మేనత్త కుంతి కొడుకు, వరసైన బావ. బలరాముడు దుర్యోధనుడికి ఇస్తానంటాడు. మీ ఇతివృత్తం అంతా అక్కడే ఉంది. భర్త అన్నమయ్య వేలకొద్దీ పదాలు రాసినా, ఆడపిల్ల మనసు పట్టడంలో నా ఓటు తిమ్మక్కకే.

గిరింపేట: ‘కొంత పెడమరలి నవ్వీనె’ రాసినాయనకు ఆడపిల్ల మనసు తెలీదా? ఆ ‘కొంత’ తీసేసి చూడండి, పల్లవి చప్పబడిపోతుంది. పూర్తిగా తిరగలేదు, కొంతే.

భవానీనగర్: నటి చేతికి పని ఇవ్వాల్నా వద్దా, అది చెప్పండి ముందు.

తిరుచానూరు: ‘పిడికిట’ ఉంది కదమ్మా, పని ఇచ్చేసినాడు. తలంబ్రాలు పోసేది దోసిలితో. ఈ పిల్ల పిడికిట పట్టింది. మీ కథలో ఆమె పోయకుండా పట్టుకునే ఉంటే చాలు. జీలకర్రబెల్లం, మంగళసూత్రం అయినాకే తలంబ్రాలు, ఆ వరస తప్పించొద్దు. అప్పటికి అడ్డుతెర తీసేసి ఉంటారు, ఎదురెదురుగా కూర్చుంటారు కాబట్టి పెడమరలడం ప్రేక్షకుడికి స్పష్టంగా కనబడుతుంది. విరగని బియ్యం తీసుకుని ముందు నెయ్యి పట్టించి, తరువాత పసుపు చల్లండి. నీళ్లతో కలిపితే గింజలు అరచేతికి అంటుకుంటాయి, పిడికిలి విప్పినా రాలవు. నెయ్యి ఎక్కువైతే ముద్దకడతాయి. ఉత్త పసుపే వేస్తే పొడి అంతా చీర మీదికి రాలుతుంది. ఘట్టం అయిపోతూనే వేదిక ఊడ్పించండి, గింజల మీద కాలు జారుతుంది.

మదనపల్లె: పిడికిట అంటే గుప్పెడు అని కొలత కూడా కావచ్చు. పోయకుండా పట్టుకుంది అనేది మీ కల్పన.

శ్రీకాళహస్తి: కొలతైతే ‘పిడికెడు’ అనేవాడు. ‘పిడికిట’ సప్తమి, పిడికిలిలో అని.

గిరింపేట: ఔపవిభక్తికం, అంటే విభక్తి చోట మాట చివర వచ్చే మార్పు, అని చెప్పి ఆపండి సార్. ఆ ‘ట’ చేసే పని ఒకటే కాదు.

పుత్తూరు: కుచ్చ తేలలేదు, పిడికిట మొదలైంది. రెండో చరణంలో ‘పతి బెరరేచీ’ ఉంది, దాని సంగతి ఎవరెత్తుకుంటారు?

భవానీనగర్: మొదటి చరణం వరకే పాడిస్తాము సార్.