పొద్దున పూట బొమ్మ రైలు వంతెన మీదే ఆగిపోతోంది

మాది అమలాపురం దగ్గర పల్లె. ప్లైవుడ్ బల్ల మీద బొమ్మ రైలు లైను వేశాను. కొలతల పట్టింపు లేదు: కొబ్బరిచెట్లు ఇంజనంత ఎత్తే, పంటు (రేవు దాటించే బల్లకట్టు పడవ) మీద నిలబెట్టిన గేదె రైలు పెట్టె కంటే పెద్దది. రాజమండ్రి దగ్గర గోదావరి మీదున్న పాత హేవలాక్ రైలు వంతెనకి 56 స్పాన్లు, కొబ్బరి ఈనెలతో కట్టిన నాదానికి ఆరే. పట్టాలు మాత్రం అసలైనవే: హెచ్‌ఓ (బొమ్మ రైళ్ళలో ఒక సైజు), 16.5 మిల్లీమీటర్ల గేజి, నికెల్ సిల్వర్, 12 వోల్టుల డీసీ.

పది రోజులుగా ఉదయం 6 నుంచి 9 లోపు నడిపితే ఇంజను వంతెన మధ్యకొచ్చి నీరసపడి ఆగిపోతోంది. లైటు మిణుకుమిణుకుమంటుంది. వేలితో తోస్తే జానెడు వెళ్ళి మళ్ళీ ఆగుతుంది. ఎండెక్కాక అదే ఇంజను శుభ్రంగా తిరుగుతుంది!

పట్టాలు, చక్రాలు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచాను. అడాప్టరు మార్చాను. వేరే ఇంజను పెట్టినా అదే తంతు. మల్టీమీటరు పెడితే, ఇంజను లేనప్పుడు వంతెన మీద 11.8 వోల్టులు, ఇంజను ఎక్కగానే 6. కరెంటు ఇచ్చే స్టేషను దగ్గర అప్పుడు కూడా 11.6 ఉంది. వంతెన రెండు చివర్లా పట్టాలు కలిపే జాయినర్లు ఊడదీస్తే లోపల నల్లటి పొర. గీకి, పటకారుతో నొక్కి బిగిస్తే రెండు రోజులు బాగుంది, మళ్ళీ మొదటికొచ్చింది.

టంకం వేద్దామంటే ఎండాకాలం పట్టా సాగి వంతెన వంకరపోతుందేమోనని భయం. ఇలాంటి తేమలో నడిపినవాళ్ళు చెప్పండి: జాయినర్లకే టంకం వేయాలా, వాటినలా వదిలేసి వంతెన పట్టాలకి విడిగా ఫీడరు వైర్లు (నేరుగా కరెంటు ఇచ్చే తీగలు) లాగాలా?