చెత్త గుట్ట తీసేసి అక్కడే ట్రాన్స్‌ఫర్ స్టేషన్ కడతారట. వద్దని సంతకం పెట్టాలా?

దమ్మాయిగూడ ఆడపడుచు:

మా కాలనీ వెనక కుంట గట్టున పన్నెండేళ్లుగా చెత్త పోస్తున్నారు. ఇప్పుడు ఆ గుట్టను బయోమైనింగ్ చేసి ఖాళీ చేస్తామని, ఖాళీ అయిన ఎకరంలో ట్రాన్స్‌ఫర్ స్టేషన్ కడతామని నోటీసు అంటించారు. అసోసియేషన్ వాళ్లు "మాకు ఏదీ వద్దు" అని అర్జీ రాసి ఇంటింటికీ తిప్పుతున్నారు. మా గేటు దగ్గరికి రెండుసార్లు వచ్చారు. నేనింకా సంతకం పెట్టలేదు.

మా పుట్టిల్లు దమ్మాయిగూడ. జవహర్‌నగర్ డంప్ యార్డు పక్కనే. హైదరాబాద్ చెత్త రోజుకు కొన్ని వేల టన్నులు చేరేది అక్కడికే. వాన వెలిసిన సాయంత్రం గాలి మా వైపు తిరిగిందంటే అమ్మ ముందు కిటికీలు మూసేది, తర్వాత బోర్లించిన గిన్నెలన్నీ మళ్లీ కడిగేది. బోరు నీళ్లు బిందెలో పట్టి రాత్రంతా ఉంచితే పొద్దునకి పైన పలచగా తెట్టు కట్టేది, నూనె చుక్క వేసినట్టు రంగులు తేలేవి. అమ్మ దాన్ని వేళ్లతో పక్కకు తోసి, చెయ్యి వాసన చూసుకుని, బిందెడు నీళ్లూ పెరట్లో పారబోసేది. అన్నయ్యకు పిల్లనిద్దామని వచ్చినవాళ్ల ముందు ఇల్లంతా అగరొత్తులు వెలిగించింది. వాళ్లు టీ సగంలో వదిలేసి లేచారు. మళ్లీ కబురు రాలేదు. అమ్మ కూడా ఎందుకని అడిగించలేదు.

అందుకే చెత్త మాట ఎత్తితే నాకు టెన్షన్. కానీ ఇక్కడ లారీ ఎక్కే చెత్త చివరికి దిగేది అమ్మ వాళ్ల వైపే కదా అన్నది కూడా మనసును తొలుస్తోంది. 2025 ఫిబ్రవరిలో జవహర్‌నగర్ భారం పంచుకోవడానికని గుమ్మడిదల మండలం ప్యారానగర్‌లో తలపెట్టిన డంప్ యార్డు వద్దని జనం రోడ్డెక్కినప్పుడు వాళ్ల బాధ నాకు బాగా అర్థమైంది. జవహర్‌నగర్ మీద భారం తగ్గాలనీ అంతే గట్టిగా కోరుకున్నాను.

ట్రాన్స్‌ఫర్ స్టేషన్ అంటే చిన్న డంప్ యార్డేనా? బయోమైనింగ్ అంటే గుట్ట మీద మట్టి కప్పడమా, మొత్తం ఎత్తేయడమా? పై వారం వార్డు సభ ఉంది. ఏం అడగాలి?

రిటైర్డ్ శానిటరీ ఇన్‌స్పెక్టర్:

అమ్మా, ముప్పై ఏళ్లు ఈ పనిలోనే ఉన్నాను. ముందు గుట్ట సంగతి చెప్తాను.

క్యాపింగ్ అంటే చెత్త ఉన్నచోటే ఉంటుంది, పైన కప్పుతారు. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లో 60 సెంటీమీటర్ల బంకమట్టి, దాని మీద నీరు జారిపోవడానికి 15 సెంటీమీటర్ల పొర, ఆపైన మొక్కలు పెరగడానికి 45 సెంటీమీటర్ల మట్టి వేయాలని ఉంది. ఆ తర్వాత కనీసం 15 ఏళ్లు గ్యాస్, భూగర్భ జలం, అడుగున ఊరే నల్లనీళ్లు అన్నీ పరీక్షిస్తూనే ఉండాలనీ ఉంది. జవహర్‌నగర్ పాత గుట్టను ఇలాగే కప్పారు. కానీ నల్లనీళ్లు అప్పటికే మల్కారం చెరువులోకి దిగాయి.

మీ దగ్గర బయోమైనింగ్ అన్నారు కాబట్టి గుట్టనే తవ్వేస్తారు. వరుసలుగా పోసి, చెత్తను కుళ్లబెట్టే సూక్ష్మజీవుల కల్చర్ చల్లి, కొన్ని వారాలు తిరగేస్తూ ఆరనిచ్చి ట్రామెల్ అనే తిరిగే డ్రమ్ములో జల్లెడ పడతారు. ప్లాస్టిక్, గుడ్డ పీలికలు సిమెంట్ ఫ్యాక్టరీలకు పోతాయి, రాళ్లు పల్లం పూడ్చడానికి పనికొస్తాయి, మిగిలేది సన్న మట్టి. ఆ మట్టిని పరీక్ష చేయకుండా కూరగాయల మడికి తోలనివ్వకండి. అందులో గాజు పెంకులుంటాయి, బ్యాటరీల విషం ఉంటుంది. ఏది ఎక్కడికి పోయిందో లారీలను తూచే వే బ్రిడ్జి చీటీలు చూపించమనండి. ప్లాస్టిక్ ఫ్యాక్టరీకి చేరకుండా ఇంకో గుంటలోకి పోతే మీ గుట్టను పక్క ఊరికి మార్చినట్టే.

ఇక స్టేషన్. ఇంటింటి చెత్త తెచ్చే ఆటోలు ర్యాంపు ఎక్కి చెత్తను హాపర్ అనే పెద్ద తొట్టిలో పోస్తాయి. కాంపాక్టర్ దాన్ని మూత ఉన్న కంటైనర్‌లోకి నొక్కుతుంది. హుక్ లోడర్ అనే లారీ ఆ కంటైనర్‌ను కొక్కెంతో ఎత్తుకుపోతుంది. సరిగ్గా నడిస్తే రాత్రికి గచ్చు మీద చెత్త ఉండదు. అదే అసలు పరీక్ష. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఉన్న ఒక్క హుక్ లోడర్‌కూ హైడ్రాలిక్ పైపు పగిలింది. మొదటి రోజు గచ్చు మీద పోశారు. మూడో రోజుకు గోడ ఎత్తయింది. బండి బాగై వచ్చేసరికి కుక్కలు, కాకులు, దోమలు. ఆ తర్వాత ఆ చోటును జనం డంప్ యార్డు అనే పిలిచారు. కాబట్టి స్పేర్ బండి ఎన్ని, కంటైనర్లు ఎన్ని అని అడగండి. నొక్కినప్పుడు కారే నీళ్లకు ట్యాంకు ఉందా, అది కుంటలోకి పొంగితే ఏంటి అనీ అడగండి.

అమ్మగారి వైపు వెళ్లే లోడు గురించి కదా మీ బెంగ. ఇళ్ల చెత్తలో ఇంచుమించు సగం తడిదే. దాన్ని ఇక్కడే ఎరువు చేస్తే ఆ సగం లారీ ఎక్కదు.

స్వచ్ఛ ఆటో కొడుకు:

అక్కా, మా నాన్న స్వచ్ఛ ఆటో నడుపుతాడు, సెలవుల్లో నేనూ వెనక ఎక్కుతాను. మాది వేరే మున్సిపాలిటీ. స్టేషన్ లేనప్పుడు యార్డుకు పోయి రావడానికే పూట గడిచేది. రెండో ట్రిప్పు కుదరక చివరి రెండు గల్లీలు రోజూ మిగిలిపోయేవి, వాళ్లు తిట్టేది నాన్ననే. ఇప్పుడు రెండు ట్రిప్పులు అవుతున్నాయి.

ఒక్కటి మర్చిపోకండి. పొద్దున పది గంటలకు అన్ని ఆటోలూ ఒకేసారి వస్తాయి. లైన్ గేటు బయట ఉంటే కాలనీ రోడ్డంతా చెత్త నీళ్లు కారతాయి. లైన్ లోపల ఉండేలా ప్లాన్‌లో గీయించండి. బండి కడుక్కోవడానికి కుళాయి కూడా పెట్టమనండి. అది లేకే మేము వాసనతో ఇంటికి పోతాం.

ప్లాట్ నంబర్ 41:

నేను సంతకం పెట్టాను. లోన్ తీర్చడానికి ఇంకా పదకొండేళ్లుంది. ఇక్కడ పార్కు వేస్తామని చెప్పిన కాగితం కూడా నా దగ్గర ఉంది. గుట్ట తీయమనండి, చాలు. స్టేషన్ ఇళ్లకు దూరంగా కట్టుకోమనండి.

దమ్మాయిగూడ ఆడపడుచు:

41 అన్నా, ఆ పార్కు కాగితం సభకు తప్పకుండా తీసుకురండి. మాటిచ్చి తప్పారన్నది అందరూ చూడాలి. కానీ "ఏదీ వద్దు" అన్న అర్జీతో గుట్ట కూడా అలాగే ఉండిపోతుందని నా భయం. అందుకే దాని మీద సంతకం పెట్టడం లేదు, వేరే కాగితం రాశాను. రాత్రికి గచ్చు ఖాళీగా ఉండాలి, స్పేర్ హుక్ లోడర్ ఉండాలి, ఆటోల లైన్ గేటు లోపలే, డ్రైవర్లకు కుళాయి, తడి చెత్త ఇక్కడే ఎరువు, చీటీలు నెలనెలా వార్డు ఆఫీసు గోడ మీద. ఇవన్నీ రాతపూర్వకంగా ఇస్తేనే ఒప్పుకుంటామని రాశాను. పని మొదలయ్యే ముందు ఒకసారి, అయ్యాక ప్రతి ఏడాదీ కుంట చుట్టూ ఉన్న బోర్ల నీళ్లు పరీక్షించాలన్నది ఆఖరున పెట్టాను.

తమ్ముడూ, వీలైతే సభకు నాన్నను తీసుకురా. గేటు దగ్గర ఏం జరుగుతుందో ఆయన చెప్తే వేరు.

రాత్రి ఫోన్లో అమ్మకు కాగితమంతా చదివాను. చివరిదాకా విని, "నీళ్ల సంగతి ముందు రాయి" అంది. ముందుకు మార్చాను.