షుగర్ లేకుండా మెట్‌ఫార్మిన్, రాపామైసిన్: 62 ఏళ్లకి మొదలుపెట్టొచ్చా?

లెక్కలమాస్టారు:
నమస్కారం. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. బీపీకి ఒక మాత్ర వేసుకుంటాను, షుగర్ లేదు. రోజూ కాసేపు డంబెల్స్ ఎత్తుతాను. మా బావమరిదికీ షుగర్ లేదు, అయినా ఏడాదిగా షుగర్ మందు మెట్‌ఫార్మిన్ మింగుతున్నాడు, ముసలితనం ఆగుతుందట. ఇప్పుడు కొత్తగా రాపామైసిన్ పట్టుకున్నాడు. "ముసలి ఎలుకలకి ఇచ్చినా ఆయుష్షు 14 శాతం పెరిగింది బావా, నువ్వూ కలుపుకో" అంటాడు. 14 శాతం దేని మీద అంటే మాత్రం చెప్పడు.

అసలు సంగతి ఇంకొకటుంది. మా నాన్నగారు చివరి ఆరేళ్లు నన్ను గుర్తుపట్టలేదు. నాకు వందేళ్లు అక్కర్లేదు. ఆ ఆరేళ్లు రాకుండా ఉంటే చాలు. వీటివల్ల ఏమైనా ఉపయోగం ఉందా?

ఎలుకలగది:
మాస్టారూ, ముసలి ఎలుకల ల్యాబ్‌లో తొమ్మిదేళ్లు పనిచేశాను. సైంటిస్టుని కాను. బోనులు కడగడం, తూకం వేయడం, పొద్దున్నే వెళ్లి ఏది పోయిందో చూసి కార్డు మీద తేదీ రాయడం నా పని.

మీ బావమరిది చెప్పేది 2009లో అమెరికాలో మూడు ల్యాబులు కలిసి చేసిన పరీక్ష. నూటికి తొంభై ఎలుకలు చనిపోయేసరికి వయసెంత అని చూశారు. ఆ వయసు ఆడవాటిలో 14 శాతం, మగవాటిలో 9 శాతం పెరిగింది. అంటే పుట్టినప్పటి నుంచి లెక్క. మందు మొదలుపెట్టిన రోజు నుంచి మిగిలిన ఆయుష్షు మీద వేస్తే ఆడవాటికి 38, మగవాటికి 28 శాతం వస్తుంది. దేని మీదో చెప్పకపోయినా, ఆయన తక్కువ అంకే చెప్పారు!

అంత ముసలి ఎలుకలకి ఇవ్వాలని ముందు అనుకోలేదు. మందు మేతలో కలిపితే పాడైపోతోంది. పైన పూత వేసి నిలబెట్టేసరికి ఎలుకలకి 600 రోజులు నిండాయి, మనుషుల్లో దాదాపు అరవై ఏళ్లు. సర్లే అని అప్పుడే మొదలుపెట్టారు. అలా ఆలస్యమే పెద్ద వార్తయింది.

కానీ రెండు సంగతులు. ల్యాబ్ ఎలుకలు ఎక్కువగా కేన్సర్‌తోనే పోతాయి. ఈ మందు కణాల పెరుగుదలని అణుస్తుంది కాబట్టి గడ్డలు ఆలస్యమవుతాయి. మనుషుల్ని ఎక్కువగా తీసుకెళ్లేది గుండె. తర్వాతి పరీక్షల్లో మందు తిన్న ఎలుకలకి కంట్లో శుక్లాలు, మగవాటికి వృషణాలు క్షీణించడం ఎక్కువగా కనబడ్డాయి. పైగా ఇది కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకి రోగనిరోధక శక్తి తగ్గించడానికి ఇచ్చే మందు. బోనులో ఎలుకకి బయటి జబ్బులు అంటవు, మనకి అంటుతాయి.

ఇంకోటి. నా కార్డులో బరువుకి గడి ఉంది, చనిపోయిన తేదీకి గడి ఉంది. ఎదుటివాళ్లని గుర్తుపట్టిందా లేదా అని గడి లేదు. మీరడిగేది అదే కదా.

నడకనేర్పేవాణ్ణి:
ఫిజియోథెరపిస్టుని. మెట్‌ఫార్మిన్ వరకు చెబుతాను. 65 దాటినవాళ్లతో 14 వారాలు బరువులు ఎత్తించి, సగంమందికి మెట్‌ఫార్మిన్, సగంమందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు, 2019లో వచ్చింది. కండ ఎక్కువ పెరిగింది ఉత్తుత్తి మాత్రవాళ్లకి! షుగర్ ఉన్నవాళ్లు ఇది చదివి మందు మానకండి, వాళ్ల లెక్క వేరు. షుగర్ లేకుండా డంబెల్స్ ఎత్తే మాస్టారికి మాత్రం నష్టబేరమే అనిపిస్తోంది. మెట్‌ఫార్మిన్ ముసలితనాన్ని ఆలస్యం చేస్తుందా అని 65 నుంచి 79 ఏళ్లవాళ్లు 3,000 మందితో పెద్ద పరీక్ష చేయాలని నీర్ బార్జిలాయ్ అనే డాక్టరు ఏళ్లుగా డబ్బు కోసం తిరుగుతున్నారు. పేటెంటు లేని చవక మందు మీద ఏ కంపెనీ పెట్టుబడి పెడుతుంది?

రాత్రిడ్యూటీ:
మాస్టారు అడిగిన ఆరేళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. నేను నర్సునండి.

2025లో నేచర్ పత్రికలో ఒకటి వచ్చింది. బ్రిటన్‌లోని వేల్స్‌లో అక్కి (కొందరు సర్పి అంటారు) రాకుండా టీకా మొదలుపెట్టినప్పుడు, 1933 సెప్టెంబరు 2న లేదా ఆ తర్వాత పుట్టినవాళ్లకే అర్హత ఇచ్చారు. ఒక్క రోజు ముందు పుట్టినా జీవితాంతం లేదు. గీతకి అటూ ఇటూ వారం తేడాతో పుట్టినవాళ్ల మధ్య వేరే తేడా ఏముంటుంది? ఎవరూ చీటీలు వేయకుండానే చీటీలు వేసినట్టయింది. ఏడేళ్లు చూస్తే, టీకా వేసుకున్నవాళ్లలో మతిమరుపు జబ్బు దాదాపు 20 శాతం తక్కువ. లెక్కలవారు కాబట్టి అసలు తేడా కూడా చెబుతున్నా, నూటికి సుమారు మూడున్నర మంది. ఆడవాళ్లలో ప్రభావం ఎక్కువ. అది పాతరకం టీకా. మీ వయసుకి ఏది సరిపోతుందో డాక్టర్ని అడగండి.

బీపీ మాత్ర మాత్రం మానకండి. మతిమరుపుకి దారితీసేవంటూ 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పిన 14 కారణాల్లో బీపీ ఉంది, చెడు కొలెస్ట్రాల్ ఉంది, చెవుడూ ఉంది. వినికిడి ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నారా?

లెక్కలమాస్టారు:
అందరికీ ధన్యవాదాలు. చేయించుకోలేదమ్మా. టీవీ శబ్దం గురించి మా ఆవిడ రెండేళ్లుగా పోరుతూనే ఉంది. సోమవారం చెవి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను, టీకా సంగతి కూడా ఎవరినడగాలో అక్కడే కనుక్కుంటాను. మా బావమరిదికి ఎలుకల కంటి శుక్లాల గురించి చెప్పాను, కాస్త తగ్గాడు. 38 శాతం మాట మాత్రం వాడి చెవిన పడనివ్వను.